ఆక్సైడ్ పొర మీద వేసిన ఫిల్మ్‌కి చిల్లులు పడుతున్నాయి, సాయం చేయండి

అందరికీ నమస్కారం. నెల్లూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం సిలికాన్ వేఫర్ (పలుచటి బిళ్ల) మీదున్న 300 నానోమీటర్ల సిలికాన్ డైఆక్సైడ్ పొరపైన జింక్ ఆక్సైడ్ ఫిల్మ్ (పలుచటి పూత) వేస్తున్నాను.

జింక్ ఎసిటేట్ ద్రావణాన్ని స్పిన్ కోటర్‌లో (వేఫర్‌ని గిర్రున తిప్పి ద్రావణాన్ని పలుచగా పరిచే యంత్రం) 3000 ఆర్‌పీఎం దగ్గర 30 సెకన్లు తిప్పి, ఒక్కో కోటుని 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నిమిషాలు ఆరబెడుతున్నాను. ఆరు కోట్లయ్యాక 500 దగ్గర గంటసేపు ఉంచుతున్నాను. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) జింక్ ఆక్సైడ్‌కి రావాల్సిన 34.4 డిగ్రీల పీక్ బాగానే వస్తోంది.

బాధంతా మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడే. దోసెకి పడ్డట్టు సన్నటి చిల్లులు! కొన్నింటికి తోకచుక్కలా తోక ఉంది. అవి దుమ్ము వల్ల వచ్చినవే, ద్రావణాన్ని ఫిల్టర్ చేశాక తగ్గాయి. తోక లేని గుండ్రటివి మాత్రం పోవడం లేదు. కింద ఆక్సైడ్‌కి స్ఫటిక క్రమం లేదు కాబట్టి గ్రెయిన్ బౌండరీలు (చిన్న స్ఫటికాల మధ్య సరిహద్దులు) తప్పవు, దానికి సిద్ధపడే ఉన్నాను. కానీ ఈ చిల్లులతో రెసిస్టెన్స్ ఒక్కోచోట ఒక్కోలా చూపిస్తోంది.

అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో కడిగినా వేఫర్ మీద నీటిచుక్క పరుచుకోకుండా ఉండలా నిలబడుతోంది, అంటే ఇంకా శుభ్రం కాలేదేమో, చిల్లులు అందుకేనేమో అనిపిస్తోంది. యూవీ ఓజోన్‌తో శుభ్రం చేసే యంత్రం మా ల్యాబులో లేదు, పిరానా ద్రావణం (గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమం) వాడాలంటే భయం. ఇంకేదైనా దారి ఉందా? ఈ తుపాను వానలకి గదిలో తేమ విపరీతంగా ఉంది, అదీ కారణమా? వచ్చే వారం సార్‌కి శాంపిల్ చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.