నెల ఇరవై రాకముందే చేతిలో రూపాయి ఉండట్లేదు, ఎక్కడ పోతోందో అర్థం కావట్లేదు

పానగల్లు రోడ్డు, నల్లగొండ

మా ఆయన బట్టల షాపులో పనిచేస్తారు. జీతం 21,000. ఇద్దరు పిల్లలు, పెద్దది ఆరో తరగతి, చిన్నోడు మూడు. అద్దె 4,500. ఫీజు, వ్యాను కలిపి నెలకు 4,200 పడుతుంది. పాలకు 1,800. ఒకటో తారీఖు జీతం వస్తే నాలుగో తారీఖుకల్లా కిరాణం షాపులో ఉద్దెర 6,000 పైనే కట్టాలి. అది కట్టిన రోజు సాయంత్రమే మళ్ళీ కొత్త ఉద్దెర మొదలు. మిగిలిన దాంట్లో గ్యాస్, కూరగాయలు, పెట్రోలు, ఫోన్లు.

హోటలుకు పోము, పండక్కి తప్ప బట్టలు కొనం. అయినా ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి పక్కింటి తలుపు కొట్టాల్సి వస్తోంది. మొన్న చిన్నోడికి జ్వరమొస్తే మందులకు ఐదు వందలు అడిగి తెచ్చాను. ఆ రోజు నుంచి ఒకటే టెన్షన్. ఇంకేం తగ్గించాలి? పిల్లల తిండిలో మాత్రం తక్కువ చేయలేను.

దేవరకొండ నుంచి

రోజూ రాత్రి పడుకునే ముందు ఖర్చు రాయండి అక్కా. నేను పాత స్కూలు నోట్‌బుక్‌లో రాస్తాను. రెండు నెలలు రాస్తే మీకే తెలిసిపోతుంది.

పాలమూరు అక్క

చెల్లీ, మీ ఇంట్లో ఖర్చు ఎక్కువని నాకు అనిపించట్లేదు. ఉద్దెర పుస్తకమే మిమ్మల్ని తింటోంది. పదకొండేళ్ళు నేనూ అందులోనే ఉన్నా కాబట్టి చెప్తున్నా. మా ఆయన ఆటో నడుపుతారు. మాది మహబూబ్‌నగర్.

ఒక రోజు షాపు పుస్తకం ఇంటికి తెచ్చి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నా. నూనె అర లీటరు, నాలుగు రోజులకు మళ్ళీ అర లీటరు. కందిపప్పు పావు, పావు, పావు. షాంపూ పొట్లం రెండు, బిస్కెట్ పది. ఒక్క నెలలో 'పది' అని, అంటే పది రూపాయల సరుకు, 43 చోట్ల ఉంది. పైసలు ఇవ్వకుండా తెచ్చుకుంటున్నాం కదా, చేతికి బరువు తెలియదు. పిల్లలు కూడా "రాసుకో అన్నా" అని తెచ్చేసుకుంటున్నారు. పావు కిలో లెక్కన కొంటే కిలో ధర కంటే ఎక్కువే పడుతుంది, ఉద్దెర తీసుకునేవాళ్ళకు బేరం ఆడే నోరు ఉండదు.

అప్పుడు బాకీ 6,400. షాపాయన దగ్గరికి పోయి, "అన్నా, నెలకు 1,600 చొప్పున నాలుగు నెలల్లో తీరుస్తా, ఈ రోజు నుంచి పుస్తకంలో ఒక్క గీత రాయొద్దు, పిల్లలు వచ్చినా ఇవ్వొద్దు" అన్నా. ఒప్పుకున్నాడు. నాలుగు నెలలు కష్టమే, దాచను. డబ్బాల్లో ఉన్నవన్నీ బయటికి తీసి వండాను. మా అక్క దగ్గర వెయ్యి బదులు కూడా తెచ్చా.

రేషన్ బియ్యం అమ్ముకుంటున్నారా? అయితే మానేయండి. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, నలుగురికి 24 కిలోలు. కొత్త బియ్యం, అన్నం ముద్దవుతుందని చాలామంది అంటారు. ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చు, మెతుకు మెతుకు విడిగా వస్తుంది. ఆ గంజిలో ఉప్పు, చల్ల కలిపి పొద్దున ఇస్తే మా పిల్లలు గ్లాసులకు గ్లాసులు తాగుతారు.

రాత్రికి జొన్నరొట్టె. చుక్క నూనె అక్కర్లేదు. మూడు కిలోలకు మించి గిర్నీ పట్టించకు, పిండి పాతబడితే ఎంత వేడినీళ్ళు పోసి కలిపినా రొట్టె అంచు పగులుతుంది. పిల్లలు తినం అని మారాం చేస్తే వేడి రొట్టె చిదిమి బెల్లం వేసి మలీద చేసి పెట్టు. పుంటికూర పప్పు ఉంటే మా ఇంట్లో వేరే కూర అడగరు.

బాకీ తీరిన ఐదో నెల నుంచి ఆ 1,600 నాదే. అన్నీ ఒకేసారి కొనాలని చూడొద్దు, మళ్ళీ అప్పవుతుంది. నేను ఒక నెల ఏడాదికి సరిపడా చింతపండు కొన్నా, తర్వాతి నెల ఎండుమిర్చి తెచ్చి కారం పట్టించా, ఆ తర్వాత పది కిలోల కందిపప్పు. కొత్త చింతపండు ఎండాకాలంలో వస్తుంది, అప్పుడే ధర తక్కువ.

నూనె కొనేటప్పుడు ప్యాకెట్ మీద గ్రాములు చూడు. లీటరు అంటే దాదాపు 910 గ్రాములు ఉండాలి. 850 గ్రాములది కూడా చూడటానికి అంతే లావు ఉంటుంది. అయిపోయిన ప్యాకెట్‌ను అడ్డంగా కోసి, లోపలి మడతల్లో ఉన్నదంతా చపాతీ పిండితో తుడుస్తా. ఆ రోజు పిండిలో నూనె వేయను.

మిర్యాలగూడ, ఎలక్ట్రీషియన్

చెల్లెమ్మా, కరెంటు సంగతి రాయలేదు. తెల్ల రేషన్ కార్డు ఉంటే 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది కదా. కానీ 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తం బిల్లు కట్టాలి. ఎండాకాలంలో చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. పది రోజులకోసారి మీటర్ చూసుకోండి, ఆ పది రోజుల్లో 65 యూనిట్లు దాటితే జాగ్రత్తపడాలి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 31 యూనిట్లు. తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 వాట్లు, 13 యూనిట్లలోపే. ఇప్పుడు కొనమని చెప్పను, పాతది కాలిపోయిన రోజు మాత్రం వైండింగ్ చేయించకుండా అది పెట్టించుకోండి.

నకిరేకల్ నుంచి

పాలమూరు అక్కా, పది కిలోల పప్పు తెస్తే వానాకాలంలో పురుగు పట్టదా? మా అత్తమ్మ అదే భయంతో కొననివ్వదు.

పాలమూరు అక్క

పడుతుంది అమ్మా, అజాగ్రత్తగా ఉంటే. తేగానే రెండు రోజులు మంచి ఎండలో పొయ్యాలి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోసి, నీడన ఆరిన వేపాకు మధ్య మధ్యలో వేయాలి. వేడిమీద మూతపెడితే చెమ్మ పడుతుంది, పురుగు అప్పుడే మొదలు. తడి చేయి పెట్టనివ్వకండి. వాడుకోవడానికి కిలో వేరే డబ్బాలో తీసుకోండి.

పానగల్లు రోడ్డు, నల్లగొండ

అక్కా, సాయంత్రం పుస్తకం తెచ్చి చూశాను. నూనె అర లీటరు తొమ్మిది సార్లు, 'పది' అని 38 చోట్ల. పెద్దది పక్కన కూర్చుని లెక్కపెట్టింది, "ఇవన్నీ నేను తెచ్చినవేనా అమ్మా" అని మెల్లగా అడిగింది. నాకు ఏడుపొచ్చింది. బాకీ 6,150 ఉంది. అడగడానికి సిగ్గుగా ఉంది, ఆయనను పంపనా?

పాలమూరు అక్క

నువ్వే పో చెల్లీ, సామాను తెచ్చేది నువ్వే కాబట్టి. పొద్దున, సాయంత్రం జనం ఉంటారు. మధ్యాహ్నం రెండింటికి ఖాళీగా ఉంటాడు, అప్పుడు పో. మొదటి కంతు పైసలు చేతిలో పట్టుకుని పో, ముందు అవి ఇచ్చి తర్వాత మాట్లాడు. ఏమన్నాడో రేపు రాయి, చూస్తుంటా.