ఉద్దానంలో చుట్టిల్లు లాంటి రిట్రీట్: మట్టిలో సిమెంటు కలపాలా, వద్దా?

జీడితోట_88
శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట దగ్గర మా నాన్నగారి జీడితోట ఎకరం ఉంది. అందులో ఆరు గదుల చిన్న రిట్రీట్, అంటే అతిథుల విడిది, కట్టాలని ఆలోచన. దూరం నుంచి చూస్తే గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు ఉండే మన పాత చుట్టిళ్లలా చెట్లలో కలిసిపోవాలి. ఏసీ ఉండదు. టెక్కలి క్వారీల్లో పారేసే రాతిముక్కలతో పునాది, తోట మట్టితో మెషీన్ మీద నొక్కిన కాల్చని ఇటుకలు, పైన తాటాకు. ఆర్కిటెక్ట్ మట్టిలో 5 శాతం సిమెంటు కలపమంటున్నారు. కలపాలా?

మట్టిమనిషి
కలపకండి. సిమెంటు పడ్డాక అది మట్టి ఇల్లెలా అవుతుంది? సిమెంటుకు మూలమైన క్లింకర్ టన్ను తయారైతే 800 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. మన పెద్దలు వాడింది సున్నం. అదే వాడండి.

రిటైర్డ్_ఏఈ
లెక్క చూడండి. పది కిలోల ఇటుకలో 5 శాతమంటే అర కిలో. 50 కిలోల బస్తా ఒక్కటి వంద ఇటుకలకు వస్తుంది. ఇక సున్నం పట్టేది బంకమట్టికి. ఉద్దానం నేలలో ఇసుక పాలు ఎక్కువ, దానికి సిమెంటే కుదురుతుంది. అయినా సున్నం చెట్లకు కాస్తోందా? అదీ సున్నపురాయిని బట్టీలో కాలిస్తే వచ్చేదే కదా!

మట్టిమనిషి
సున్నం గట్టిపడేటప్పుడు గాల్లోంచి ఆ వాయువును తిరిగి పీల్చుకుంటుంది. ఈ సంగతి చెప్పరేం?

రిటైర్డ్_ఏఈ
పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి. కానీ రాయిలోంచి పోయిందే తిరిగొస్తుంది. బట్టీలో తగలేసిన బొగ్గు తాలూకుది రాదు. ఇంజినీరుగా 31 ఏళ్లు సర్వీసు చేశాను, నాకు సున్నం గురించి చెప్పకండి.

బుజ్జిపండు
పల్లీలు తింటూ చదువుతున్నాను. కానివ్వండి.

కవిటి_కుర్రోడు
రెండు రోజులుగా సున్నం, సిమెంటు అని కొట్టుకుంటున్నారు. తాటాకు ఎవరు కప్పుతారో ఒక్కరూ అడగలేదు. రెండు మూడేళ్లకోసారి మళ్లీ కప్పాలి. మా ఊళ్లో ఆ పని తెలిసినవాళ్లు ఇద్దరు మిగిలారు, ఇద్దరూ అరవై దాటినవాళ్లే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా చుట్టింటి గోడ చెక్కు చెదరలేదు. కప్పు మాత్రం లేచిపోయింది. పదకొండు మందిమి పక్కవాళ్ల స్లాబు ఇంట్లో కూర్చున్నాం.

రిటైర్డ్_ఏఈ
గుండ్రటి గోడ గాలిని చీల్చి పక్కలకు పంపేస్తుంది, అందుకే నిలిచింది. చూరు కిందికి దించి, వాసాలను గోడలోపలి నుంచి బిగించి కడితే కప్పు కూడా

రిటైర్డ్_ఏఈ
(చెయ్యి తగిలి పోస్టయిపోయింది) కప్పు కూడా చాలావరకు ఆగుతుంది.

మట్టిమనిషి
తమ్ముడూ, మీరంతా స్లాబుల మోజులో పడబట్టే పల్లెల అందం పోయింది.

కవిటి_కుర్రోడు
అందమా? మా అక్కను చూసుకోడానికి వచ్చినవాళ్లు తాటాకు కప్పు చూసి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. సర్వేకి వచ్చినవాళ్లు ‘కచ్చా ఇల్లు’ అని రాసుకుపోయారు. మేముంటే కచ్చా. మీరు డబ్బులిచ్చి రెండు రాత్రులు పడుకుంటే పర్యావరణం! మీ మట్టి ఇల్లు ఎక్కడుందండీ? మీరుండేది ఏ ఫ్లోరులో?

మట్టిమనిషి
నేనెక్కడుంటే మీకెందుకు? విషయం మాట్లాడండి.

కవిటి_కుర్రోడు
అదే విషయం.

బుజ్జిపండు
పల్లీలు అయిపోయాయి.

జీడితోట_88
కాసేపు ఆగండి. కుర్రోడు చెప్పింది నాకు గట్టిగా తగిలింది. మా నాన్న చుట్టింట్లోనే పుట్టారు. ఉద్యోగం వచ్చిన రెండో ఏడు ఆయనే దాన్ని పడగొట్టించి స్లాబు వేయించారు. ఊళ్లో మూడో స్లాబు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. తోటలో తాటాకు కప్పు వేస్తానని ఆయనకింకా చెప్పలేదు. సిమెంటు కలపాలా అని ఇక్కడ అడుగుతున్నాను గానీ, నా భయం అసలు దాని గురించి కాదు.

కవిటి_కుర్రోడు
కట్టొద్దనలేదన్నా. కప్పేవాళ్లకి ఏటా పని ఉండేలా మాట్లాడుకో, కుర్రాళ్లని ఇద్దర్ని వాళ్ల దగ్గర పెట్టు. వంటగది ఒక్కటి స్లాబు వెయ్యి. తుపానొస్తే నీ గెస్టులతో పాటు చుట్టుపక్కలవాళ్లూ అందులోకి రావాలి.

మట్టిమనిషి
ఆ స్లాబుకు మళ్లీ సిమెంటు పడుతుంది!

జీడితోట_88
పడనీయండి. తమ్ముడూ, కప్పు పనివాళ్లని ఎలా కలవాలో విడిగా మెసేజ్ పెట్టు. నాన్నతో ఆదివారం మాట్లాడతాను.

రిటైర్డ్_ఏఈ
ఇంతకీ తోట మట్టి గాజుసీసాలో నీళ్లతో గిలకొట్టి, తేరనిచ్చి చూశారా? ఇసుక ఎంత, బంక ఎంత తేలకుండా ఇన్ని మాటలెందుకు!