పెంపకం లోపమని ఇంట్లోవాళ్లే అంటే ఏం చేయాలి?

వేకువ:
మా అబ్బాయికి ఆరేళ్లు. ఆటిజం ఉందని నాలుగో ఏట తేలింది. పోయిన వారం ఒక మాల్‌లో వాష్‌రూమ్‌కు తీసుకువెళ్లినప్పుడు, ఎవరో చేతులు ఆరబెట్టుకునే మెషిన్ కింద చేయి పెట్టారు. ఆ హోరు వినపడగానే వాడు రెండు చెవులూ మూసుకుని, తడి నేల మీదే ముడుచుకుపోయి అరవసాగాడు. అటువంటప్పుడు నా మాట కూడా వాడికి మరో చప్పుడే అవుతుంది కాబట్టి, నేనేమీ అనకుండా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ల కాళ్లు తగలకుండా అడ్డంగా ఉన్నాను. ఒక పెద్దావిడ "రెండు తగిలిస్తే వాడే లేస్తాడు, గారాబం చేసి నెత్తికెక్కించుకున్నారు" అని నలుగురికీ వినపడేలా అన్నారు. ఆ మాటను దులిపేసుకోగలిగాను. అయితే ఇంటికి వచ్చి చెప్పుకుంటే మా నాన్నగారు "ఆవిడ అన్నదాంట్లో తప్పేముందమ్మా" అన్నారు. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఎలా నచ్చజెప్పారో దయచేసి రాయండి.

చినుకు:
వేకువ గారూ, ఈ నింద మీతో మొదలైనది కాదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజం గురించి రాసినప్పుడు, అది పుట్టుకతోనే ఉన్నదంటూనే, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయంగా ఉండేవారు తక్కువని కూడా ఒక మాట చేర్చారు. ఆ ఒక్క మాటే పెరిగి పెద్దదై, ప్రేమ చూపని తల్లుల వల్లే పిల్లలు ఇలా అవుతారన్న వాదంగా మారింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1960లలో దానికి విస్తృత ప్రచారం కల్పించారు. ఆ వాదాన్ని 1964లో గట్టిగా ఖండించిన బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త మాత్రమే కాదు, ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి కూడా. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సమావేశంలో నిలబడి, మీ మీద నేరమేమీ లేదని ప్రకటించారు. ఆ తరువాత 1977లో ఫోల్‌స్టైన్, రటర్ అనే పరిశోధకులు, కనీసం ఒకరికి ఆటిజం ఉన్న 21 కవల జంటలను పరిశీలించారు. అచ్చంగా ఒకేలా ఉండే కవలల 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉండగా, ఒకేలా ఉండని మిగతా 10 జంటల్లో ప్రతిదాంట్లోనూ ఒక్కరికే ఉంది. ఒకే ఇంట్లో, ఒకే తల్లి చేతుల్లో పెరిగిన పిల్లల మధ్యే తేడా కనిపిస్తే ఇక పెంపకాన్ని ఎలా తప్పుపడతారు? ఇదంతా చెప్పినా మా అత్తగారు మారలేదు. కానీ రాత్రిళ్లు నన్ను తొలిచే అనుమానం మాత్రం పోయింది.

గోధూళి:
మా అమ్మాయికి పదేళ్లు, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, కుదురుగా ఉండడం కష్టమయ్యే పరిస్థితి) ఉంది. అల్లరి చేయదు, పరుగులు పెట్టదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. అందువల్ల బడిలో ఎవరూ దాన్ని సమస్యగా చూడలేదు, అశ్రద్ధ అన్నారు. "రెండు గంటలు బొమ్మలు వేస్తుంది కదా, పది నిమిషాలు లెక్కలు చేయలేదా" అని అందరికంటే ఎక్కువగా అన్నది నేనే. ధ్యాస లేకపోవడం కాదు, దాన్ని కావలసిన చోటికి మళ్లించుకోలేకపోవడమే ఇక్కడి ఇబ్బంది అని అర్థమయ్యేసరికి రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్ల తిట్లను వెనక్కి తీసుకోలేకపోతున్నాను.

మరొక్క మాట. బయటివాళ్లకు ప్రతిసారీ వివరించడం నేను మానేశాను. అంతకుముందు పాప పక్కనే ఉండగా దాని జబ్బు పేరు, క్షమాపణ కలిపి చెబుతూ వచ్చాను. ఒకరోజు అది "నాన్నా, నేను ఎక్కడికెళ్లినా నువ్వు సారీ చెప్పాలా?" అని అడిగింది. అపరిచితుల మెప్పు కోసం పిల్లల ఎదుట వాళ్లనే సంజాయిషీగా వాడుకోవద్దని నా మనవి.

పాత కలం:
చినుకు గారి మాటకు చిన్న చేర్పు. కారణం పెంపకం కాకపోయినా, మనం మసలుకునే తీరును బట్టి పిల్లల రోజు తేలికవుతుంది, లేదా బరువెక్కుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న ఆరేళ్ల లోపు పిల్లల విషయంలో మందుల కంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ సూచించడం అందుకే. ఆ తరగతులకు వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టేనని మా వారు ఏడాది పాటు రాలేదు. ఆ ఏడాది మాకు చాలా నష్టమైంది.

వేకువ:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. నాన్నగారికి చరిత్రేమీ చెప్పలేదు. ఒక ఆదివారం మనవణ్ణి ఆయనకు అప్పగించి బయటికి వెళ్లి వచ్చాను. సాయంత్రం ఆయనే మొదలుపెట్టారు. మిక్సీ జార్ మూత చప్పుడుకే వాడు పక్క గదిలో, ఎవరూ చూడని చోట, చెవులు మూసుకుని గోడకు ఆనుకుని ఉన్నాడట. "మొండితనమైతే ఎవరూ లేనప్పుడు ఎవరికోసం చేస్తాడమ్మా?" అన్నారు. పెద్దావిడ మాట గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ ఉదయం మిక్సీ వేయబోతుంటే నా చేయి పట్టుకుని ఆపి, ముందు వాడి దగ్గరకు వెళ్లి హెడ్‌ఫోన్స్ అందించి, వాడు పెట్టుకున్నాక నాకు చేయి ఊపారు.