పోర్ట్ 80కి వచ్చే ట్రాఫిక్‌ను పోర్ట్ 3000కి పంపాలి: ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) చాలా, ఎన్జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) కావాలా?

మిర్యాలగూడ_కుర్రాడు:
మా మేనమామ రైస్ మిల్లులో వడ్ల లారీలకు టోకెన్లిచ్చే యాప్ రాశాను. నోడ్‌లో, 3000 పోర్ట్ మీద నడుస్తోంది. అడ్రస్ చివర 3000 కొట్టడం డ్రైవర్లు మర్చిపోయి గేటు దగ్గరికే వస్తున్నారు. నంబర్ కొట్టకపోతే మామూలు హెచ్‌టీటీపీలో బ్రౌజర్ 80కి వెళ్తుంది. లైనక్స్‌లో 1024 లోపు పోర్టులు తెరవాలంటే మామూలుగా రూట్ (అన్ని అధికారాలున్న ఖాతా) కావాలి. యాప్‌ను రూట్‌గా నడపాలంటే భయం. ఏం చేయమంటారు?

పాలమూరు_సర్వర్:
తమ్ముడూ, ఐపీటేబుల్స్‌లో ఒక్క లైను చాలు. ప్రీరౌటింగ్‌లో (ప్యాకెట్ రాగానే చూసే రూల్స్) 80ని 3000కి రీడైరెక్ట్ చెయ్యి. ఉన్నదే ఒక్క యాప్, దాని ముందు ఎన్జిన్‌ఎక్స్ కూడా పెడితే చెడిపోయేవి రెండవుతాయి. రూల్ సేవ్ చేసుకో, లేకపోతే రీబూట్‌తో పోతుంది.

నల్గొండ_అడ్మిన్:
అన్నా, నేను ఒప్పుకోను. ఐపీటేబుల్స్ ప్యాకెట్‌ను దారి మళ్లిస్తుంది, అంతే. రేపు రెండో యాప్ పెడితే, ఏ పేరుతో వచ్చినవాళ్లను ఎటు పంపాలో దానికి తెలియదు. పోయిన యాసంగి కోతలప్పుడు రాత్రి రెండింటికి మా యాప్ పడిపోయింది. ముందు ఎన్జిన్‌ఎక్స్ ఉంది కాబట్టి 502 ఎర్రర్ (వెనకున్న యాప్ పలకట్లేదని) రావాల్సిన చోట "పది నిమిషాలు ఆగండి, మీ టోకెన్ ఎక్కడికీ పోదు" అని తెలుగులో పేజీ వచ్చింది. లారీలు లైన్లోంచి కదల్లేదు. నీ పద్ధతిలో అయితే వాళ్లకు కనిపించేది సైట్ తెరుచుకోలేదన్న బ్రౌజర్ ఎర్రరే.

మిర్యాలగూడ_కుర్రాడు:
ఎన్జిన్‌ఎక్స్ పెట్టాను. ఇప్పుడు అందరి ఐపీ 127.0.0.1 (సర్వర్ తనను తాను పిలుచుకునే అడ్రస్) అనే పడుతోంది. వే బిల్లు ఫోటో ఎక్కిస్తే 413 ఎర్రర్ (ఫైల్ మరీ పెద్దదని) వస్తోంది.

పాలమూరు_సర్వర్:
నేను చెప్పిందే జరిగింది. ఒక్కరోజుకే రెండు కొత్త తిప్పలు.

నల్గొండ_అడ్మిన్:
రెండూ ఒక్కో లైనుతో పోయేవే. ఎన్జిన్‌ఎక్స్ నుంచి ఎక్స్-రియల్-ఐపీ హెడర్‌లో అసలు ఐపీ పంపు, యాప్‌లో అది చదువు. ఎక్కించే ఫైల్ సైజుకు ఎన్జిన్‌ఎక్స్ పెట్టే పరిమితి, క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్, మామూలుగా 1 ఎంబీయే, 10 చెయ్యి. యాప్‌ను 127.0.0.1కే బైండ్ చెయ్యి (సర్వర్ లోపలి నుంచి వచ్చేవే తీసుకునేలా), లేకపోతే 3000 బయటికి తెరిచే ఉంటుంది. ఫారంలో డ్రైవర్ల ఫోన్ నంబర్లున్నాయి కదా, హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది) తప్పనిసరి.

పాలమూరు_సర్వర్:
3000 సంగతి నిజమే. రీడైరెక్ట్ పెట్టి ఫైర్‌వాల్‌లో 3000 మూస్తే, నాకు 80 కూడా ఆగిపోయింది. ఫోన్ నంబర్లున్న చోట నీ మాటే సరి. ఆఫీసు లోపల వాడుకునే చిన్న యాప్‌కు మాత్రం నాకు ఆ ఒక్క లైనే చాలు.

మిర్యాలగూడ_కుర్రాడు:
ఫోటో ఎక్కింది. 3000 బయటి నుంచి తెరుచుకోవడం లేదు. రాత్రి లారీలు తగ్గాక హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్ పెడతాను.