అకేబియా తీగ మన సీమ ఎండలకు నిలుస్తుందా? పెంచుతున్నవాళ్లు చెప్పండి

అనంత_మిద్దెతోట (అనంతపురం):
అందరికీ నమస్కారం. ఆన్‌లైన్‌లో తెప్పించిన అకేబియా తీగలు రెండు మా మిద్దె మీద డ్రమ్ముల్లో ఉన్నాయి. ‘చాక్లెట్ వైన్’ అని అమ్ముతారే, అదే. జపాన్, కొరియా, చైనాల్లో పుట్టిన తీగ. చలికాలంలో పందిరంతా పాకింది. ఉగాది దాటగానే ఆకుల అంచులు మాడడం మొదలుపెట్టాయి. ఇంతవరకు ఒక్క పువ్వు లేదు. మన జిల్లాల్లో ఎవరికైనా కాసిందా? ఇంట్లోవాళ్లు ‘ఆ జాగాలో దొండ పెట్టుంటే ఈపాటికి కూరకొచ్చేది’ అని రోజూ అంటున్నారు.

కర్నూలు_రేగడి (కర్నూలు):
అన్నా, ముందు అది అకేబియా అవునో కాదో చూడు. ఒక్కో కాడకు అయిదు చిన్నాకులు ఉండాలి, ప్రతి ఆకు కొసన చిన్న నొక్కు ఉండాలి. నాకు విత్తనాలని పంపినవి ముదురు నీలం రంగులో ఉన్నాయి. అసలు గింజ నల్లగా ఉంటుంది. అమ్మినవాడు ఇప్పుడు ఫోనే ఎత్తడు.

అనంత_మిద్దెతోట:
అయిదే ఉన్నాయి, నొక్కు కూడా ఉంది. మొక్క అసలుదే.

పెన్నా_ఒడ్డు (కడప):
మా ఇంట్లో తూర్పు గోడకు పాకించాం. పొద్దున పదింటి దాకా ఎండ, తర్వాత గోడ నీడ. తీగ బాగానే ఉంది. ఆకుకు వెలుతురు కావాలి, వేరు మాత్రం చల్లగా ఉండాలి. మే నెలలో మధ్యాహ్నం మీ డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూడండి, లోపల వేరు గతేమిటో తెలుస్తుంది. డ్రమ్ముకు గోనెసంచి చుట్టి తడపండి, పైన వేరుశనగ పొట్టు మందంగా పరచండి. మీ ఊళ్లో దానికేం కరువు! అంచులు మాడేది ఒక్క ఎండకే కాదు, బోరు నీళ్లలో ఉప్పుకు కూడా. వానలప్పుడు నీళ్లు పట్టిపెట్టుకుని ఒక్కోసారి అవి పొయ్యండి.

ఇక పూత. మాకూ లేదు. మంచు పడే చోట్ల చలికాలమంతా నిద్రపోయి, వసంతంలో పూసే తీగ ఇది. మనకు చలి అంటే సంక్రాంతి ముందు నాలుగు రోజులు. బెంగళూరులో మా చెల్లెలి ఇంట్లో మాత్రం పూసింది, వెళ్లి చూశాను. ఒకే గుత్తిలో రెండు రకాల పూలు. కొసన మగవి చిన్నగా, గుంపుగా. గుత్తి మొదలు దగ్గర ఆడవి పెద్దగా, ముదురు వంగపండు రంగులో, ఒకటో రెండో. ఆడపువ్వు నడిమధ్యన పొట్టి పుల్లల్లాంటివి కొన్ని నిలబడి ఉంటాయి, కొసలు తాకితే జిగురు. అవే కాయలయ్యేవి. కానీ అక్కడా కాయ పడలేదు, ఒక్కటే తీగ కాబట్టి. తన పుప్పొడి తనకు పనికిరాదు దీనికి.

చీనీతోట (పులివెందుల):
ఇంత అవస్థ పడి కాయిస్తే తినేదానికి ఎట్లుంటుందప్పా? ఎకరంలో పెట్టి అమ్ముకునేదేనా?

సీమ_టు_జపాన్ (ప్రొద్దుటూరు, ఇప్పుడు జపాన్‌లో ఉద్యోగం):
నేను తిన్నాను. ఇక్కడ ‘అకెబి’ అంటారు, సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది. యమగత అనే జిల్లాలో ఎక్కువ పండిస్తారు. ఊదారంగు కాయ, బెత్తెడు పొడవు. మాగితే తనంతట తనే నిలువునా పగులుతుంది. లోపల తెల్లటి గుజ్జు, దాని నిండా నల్ల గింజలు. నోట్లో వేసుకుని తీపి చప్పరించి గింజలు ఊసెయ్యాలి. నమిలితే చేదు. తీపి కూడా కొంచెమే, చాక్లెట్ రుచి ఆశించొద్దు. ఇక్కడివాళ్లు తొక్కను కూడా వదలరు. మిసో అని సోయా ముద్ద ఉంటుంది, దాన్ని, ఖీమాను తొక్కలో కూరి నూనెలో వేయిస్తారు. మనం కాకరకాయలో కారం కూరినట్టే, చేదుతో సహా. నాకు పండు కంటే అదే నచ్చింది. ఎండు తీగతో బుట్టలు అల్లుతారు, వాటి ధర అడిగి వెనక్కి వచ్చేశాను.

చీనీతోట:
అయితే మనకు చీనీయే (బత్తాయి) మేలు.

కేసీ_కాలువ (కర్నూలు):
దీని కాడ కషాయం కిడ్నీకి మంచిదని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

కర్నూలు_రేగడి:
అక్కా, ఆ జోలికి పోవద్దు. చైనా వైద్యంలో దీని కాడను ‘ముటాంగ్’ పేరుతో మూత్రం సాఫీగా రావడానికి వాడతారు. చిక్కేమిటంటే అదే పేరుతో అరిస్టొలోకియా జాతి తీగను కూడా అమ్మారు. దానిలోని ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 2003లో చైనా ప్రభుత్వమే ఆ రకాన్ని మందుల్లోంచి తీసేసింది. మన రేగడి చేలల్లో కనిపించే గాడిదగడపాకుదీ ఆ జాతే. పొట్లంలో వచ్చిన ఎండుపుల్ల ఏ తీగదో చూసి చెప్పడం మనవల్ల అయ్యే పని కాదు.

అనంత_మిద్దెతోట:
పెన్నా గారూ, నా దగ్గర రెండు తీగలున్నాయి కదా. పూస్తే ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటిస్తే చాలదా?

పెన్నా_ఒడ్డు:
రెండూ ఒకే నర్సరీవా? అయితే ఒకే తల్లితీగ నుంచి కొమ్మలు కోసి నాటినవి అయ్యుండొచ్చు. అప్పుడు చూడటానికి రెండు, లెక్కకు ఒకటే. వేరే రకం కావాలి, లేదా గింజ నుంచి మొలిచింది కావాలి. మూడాకుల అకేబియా కూడా దీనితో కలుస్తుంది. మా గోడ మీదున్నది అదే. వానలు పడ్డాక ఒక తీగను నేలకు వంచి అంటు తొక్కుతాను, వేరు పడితే ఆర్టీసీ కార్గోలో పంపిస్తాను. మీరు అయిదాకులది ఒకటి ఇటు పంపండి.

అనంత_మిద్దెతోట:
తప్పకుండా. గోనెసంచి ఈరోజే చుడతాను. పూయకపోయినా ఆ ఆకు కోసమైనా ఉంచుతా. ఇంట్లో ఎలా ఒప్పించాలో ఎవరైనా చెప్పండి.