సిద్కియా వినలేదా, ఎవరి మాట వినాలో తెలియలేదా?

గోదారిగట్టు:
మొన్న ఆదివారం మా సంఘంలో యూదా చివరి రాజు సిద్కియాని ఉతికి ఆరేశారు. యిర్మీయా ప్రవక్త అన్నిసార్లు చెప్పినా వినలేదు, కళ్ళముందే కొడుకుల్ని చంపారు, ఆ తర్వాత కళ్ళు పీకి బబులోనుకి ఈడ్చుకెళ్ళారు, మీరూ వినకపోతే అంతే అని. ఇంటికొచ్చి యిర్మీయా 27 నుంచి 39 దాకా ఒక్క ఊపులో చదివా. నాకైతే ఆయన మీద జాలేసింది. ఆయన ముందు ఉన్నది ఒక్క ప్రవక్త కాదు కదా. యిర్మీయా మెడ మీద కాడి పెట్టుకుని తిరుగుతూ బబులోను రాజు నెబుకద్నెజరుకి లొంగండి బతుకుతారు అంటాడు, గిబియోను నుంచి వచ్చిన హనన్యా అనే ఇంకో ప్రవక్త ఏమో గుడిలో యాజకులందరి ముందు ఆ కాడి లాగి విరగ్గొట్టి, రెండేళ్ళలో బబులోనువాళ్ళు ఎత్తుకెళ్ళిన గుడి సామానూ, చెరపోయిన జనమూ వెనక్కి వచ్చేస్తారు అంటాడు. ఇద్దరూ యెహోవా చెప్పాడనే మొదలుపెడతారు. ద్వితీయోపదేశకాండం 18 చూస్తే చెప్పింది జరగకపోతే అది దేవుడి మాట కాదట. అంటే జరిగేదాకా ఆగి చూడాలి, ఆగితే ఊరు తగలబడ్డాక తెలుస్తుంది. మరి ఆ రోజున సిద్కియాకి ఎలా తెలియాలి?

సండేస్కూల్ టీచర్:
తెలియకపోవడం ఏంటి బ్రదర్. 37, 38 అధ్యాయాలు మళ్ళీ చదవండి, ఆయన యిర్మీయాని ఎవరికీ తెలియకుండా పిలిపించుకుని దేవుడి నుంచి ఏమైనా మాట వచ్చిందా అని అడుగుతాడు, ఒకసారి కాదు రెండుసార్లు. నమ్మనివాడు చాటుగా పిలిచి అడుగుతాడా? రెండోసారి అసలు సంగతి ఆయన నోటితోనే బయటపడుతుంది, ఇప్పటికే కల్దీయుల (బబులోనువాళ్ళ) పక్షం చేరిన యూదుల చేతికి నన్ను అప్పగిస్తే వాళ్ళు ఎగతాళి చేస్తారని భయం అంటాడు. పైగా ఈ మాటలు ఎవరికీ చెప్పకు అని బతిమాలతాడు. ఆయనకి వచ్చిన ఇబ్బంది పరువుతోనేనండీ, ప్రవక్తతో కాదు.

పాత పెంకు:
పరువు ఒక్కటే కాదు టీచర్ గారూ, కాస్త చరిత్ర కూడా చూడాలి. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా ఊళ్ళన్నీ పట్టుకుని యెరూషలేము మీదకొస్తే, భయపడకు, వాడు ఈ ఊళ్ళో అడుగు పెట్టడు అని యెషయా ప్రవక్త అప్పటి యూదా రాజు హిజ్కియాకి చెప్పాడు, ఊరు నిలబడింది కూడా. వందేళ్ళ తర్వాత హనన్యా చెప్పింది ఇంచుమించు అదే పాట. అంటే ఆయన కొత్త మోసం ఏదో కనిపెట్టలేదు, పెద్ద ప్రవక్త దారిలోనే పోతున్నానని మనస్ఫూర్తిగా అనుకుని ఉండొచ్చు. తర్వాత బబులోనువాళ్ళ ముట్టడి మధ్యలో ఐగుప్తు రాజు ఫరో సైన్యం బయల్దేరిందని తెలిసి కల్దీయులు వెనక్కి తగ్గారు కూడా, ఆ వారం యెరూషలేములో ఎవర్ని అడిగినా హనన్యా లాంటివాళ్ళే కరెక్ట్ అనేవాళ్ళు. ఇంకోటి, ఊరు కాలాక మిగిలినవాళ్ళు ఎవరి మాట నిజమైందో వాళ్ళ పుస్తకమే దాచుకుంటారు, హనన్యా శిష్యులు ఏం రాసుకున్నారో మన చేతికి రాలేదు.
అన్నట్టు 1935లో యూదా కోట ఊరు లాకీషు తవ్వకాల్లో ఆ చివరి రోజుల నాటి పెంకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. ఒకదాంట్లో, లాకీషు నుంచి వచ్చే మంటల సైగల కోసం చూస్తున్నాం, అజేకా మాత్రం కనబడట్లేదు అని ఉంటుంది. యిర్మీయా 34లో కూడా చివరికి మిగిలిన కోట ఊళ్ళు లాకీషు, అజేకా అనే ఉంది. అంత టెన్షన్‌లో లొంగిపోండి అన్నవాణ్ణి ద్రోహి అనకుండా ఏమంటారు?

నల్లరేగడి:
మీరంతా 34 పేరెత్తి అసలుది వదిలేశారు తమ్ముడూ. ఆ అధ్యాయంలో ముట్టడి గట్టిగా ఉన్నప్పుడు సిద్కియా యెరూషలేము జనంతో ఒప్పందం చేయించి హెబ్రీ దాసదాసీల్ని విడిచిపెట్టించాడు, ఏడో ఏట వదలాలని ధర్మశాస్త్రంలో ముందే ఉన్నదే. దూడని రెండుగా కోసి ఆ ముక్కల మధ్య నడిచి మరీ ఒట్టేశారు. తర్వాత సైన్యం వెనక్కి తగ్గింది, మీరన్న ఆ వారమే, అందరూ పోయి వదిలేసిన మనుషుల్ని మళ్ళీ పట్టుకొచ్చి పనిలో పెట్టుకున్నారు. యిర్మీయా దానికి తిట్టాడు. ఇందులో భవిష్యత్తు తెలియాల్సిన అవసరం ఎక్కడుంది? నిన్న విడుదలైన పనిమనిషి ఇవాళ మళ్ళీ మీ వాకిట్లో నీళ్ళు మోస్తోంది, అది తప్పని తెలుసుకోవడానికి హనన్యా కరెక్టా యిర్మీయా కరెక్టా అని రెండేళ్ళు ఆగాలా? హెచ్చరికలో సగం ముందు జరగబోయేదైతే సగం ఇప్పుడు చేస్తున్నది, రెండోది అక్కడ ప్రతివాడికీ తెలిసిందే. హనన్యా మాటల్లో ఆ రెండో సగం వెతకండి, ఒక్క ముక్క ఉండదు. ఎవర్నీ ఏమీ మార్చుకోమనడు.

గోదారిగట్టు:
అక్కా ఈ పాయింట్ బాగుంది, కానీ యోనా సంగతేంటి మరి? 40 రోజుల్లో నీనెవె పట్నం నాశనం అన్నాడు, ఆ ఊరివాళ్ళు పశ్చాత్తాపపడి గోనెపట్ట కట్టుకున్నారు, ఏం జరగలేదు. ద్వితీయోపదేశకాండం లెక్కన యోనా అబద్ధ ప్రవక్త అయిపోవాలి. తుపాను అని ఊళ్ళు ఖాళీ చేయించాక అది ఇంకోచోట తీరం దాటితే వాతావరణశాఖని తిట్టం కదా, అలా అనుకోవాలా?

పాత పెంకు:
తుపాను మన బుద్ధి చూసి దారి మార్చుకోదు బ్రో, ఇక్కడ పడదు ఆ పోలిక. దీనికి జవాబు యిర్మీయా 26లోనే ఉంది. ఊరు పాడైపోతుందన్నందుకు ఆయన్ని చంపాలని జనం ఎగబడితే కొందరు పెద్దలు లేచి, మోరష్తీయుడైన మీకా కూడా సీయోను (అంటే యెరూషలేము) పొలంలా దున్నబడుతుందని అన్నాడు కదా, హిజ్కియా ఆయన్ని చంపాడా, భయపడి దేవుణ్ణి వేడుకుంటే ఆ కీడు ఆగింది కదా అని వాదిస్తారు. అంటే జరగని జోస్యాన్ని వందేళ్ళు గుర్తుపెట్టుకుని, అది నిజమైన జోస్యమే అని కోర్టులో సాక్ష్యంగా వాడుకున్నారు. కానీ అదే అధ్యాయంలో ఊరియా అని ఇంకొకాయన సరిగ్గా యిర్మీయా చెప్పిందే చెప్పి ఐగుప్తుకి పారిపోతే, అప్పటి రాజు యెహోయాకీము మనుషుల్ని పంపి పట్టి తెప్పించి కత్తితో చంపాడు. యిర్మీయాని కాపాడింది షాఫాను కొడుకు అహీకాము, ఊరియాకి అలాంటి పెద్దమనిషి దొరకలేదు. ఏ హెచ్చరిక బతికి బట్టకడుతుందో పలుకుబడి కూడా తేలుస్తుంది మరి.

సండేస్కూల్ టీచర్:
ఊరియా విషయంలో ఒప్పుకుంటాను. కానీ హనన్యాకి మీరు మరీ మంచి మార్కులు వేస్తున్నారు. 28లో ఆయన మాట వినగానే యిర్మీయా ముందు ఏమన్నాడో చూశారా, ఆమేన్, యెహోవా అలాగే చేయుగాక అన్నాడు. తర్వాత, పాత ప్రవక్తలు యుద్ధం, కరువు, తెగులు గురించే చెప్పుకొచ్చారు, క్షేమం అని చెప్పేవాడే అది జరిగాక రుజువు చేసుకోవాలి అన్నాడు. కాడి విరగ్గొట్టినప్పుడు ఎదురు చెప్పకుండా మౌనంగా వెళ్ళిపోయాడు. దేవుడి మాట తర్వాత వచ్చాకే తిరిగొచ్చి చెక్క కాడి విరిచావు, దాని బదులు ఇనపకాడి వస్తుంది అని చెప్పాడు. మాట రానప్పుడు నోరు మూసుకునే ప్రవక్తని ఒకపక్క, అందరికీ నచ్చేది గట్టిగా అరిచి చెప్పేవాణ్ణి ఇంకోపక్క పెడితే తేడా కనబడదా అండీ?

నల్లరేగడి:
కనబడినా మనకి రెండోవాడే కావాలి టీచర్ గారూ. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఒక్కో బైబిల్ వచనం వేసిన వాగ్దానం కార్డులు పంచుతారు చూడండి, యిర్మీయా 29:11 వచ్చినవాళ్ళ మొహాలు వెలిగిపోతాయి, సమాధానకరమైన ఉద్దేశాలు అని. దాని పై వచనం కార్డు మీద వెయ్యరు, బబులోనులో 70 ఏళ్ళు గడిచాక అని ఉంటుంది అందులో. ఆ అధ్యాయం బబులోనుకి చెరపోయినవాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం, అది అందుకున్నవాళ్ళలో చాలామంది తిరిగి రావడం చూడకుండానే పోయారు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నాడు వాళ్ళని.

గోదారిగట్టు:
సరే అక్కా, ఆ రాత్రికి మీ చేతికి 29:10 మాత్రమే ఉన్న కార్డు వస్తే ఉంచుకుంటారా, ఇంకోటి తియ్యమంటారా?

నల్లరేగడి:
ఉంచుకుంటాను. మా ఆయన మాత్రం మార్చమంటాడు 😄