బెంగళూరు దండు (కంటోన్మెంట్) ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

హలసూరు వాసి: ఇన్‌ఫంట్రీ రోడ్డు మీదుగా స్కూలుకు తీసుకెళ్తుంటే మా అబ్బాయి అడిగాడు, ఇక్కడి ఆంగ్లేయ సైనికులకు జీతం ఎవరిచ్చేవారని. లండన్ నుంచి వచ్చేదా?

పద్దుల మాస్టారు: లండన్ నుంచా! ఉద్యోగమంతా జమాఖర్చులతోనే గడిపినవాణ్ణి, చెబుతాను వినండి. టిప్పు పడిపోయాక, 1799 ఒప్పందంలో, ఊహ తెలియని బాల రాజు పేరిట మైసూరు తన దగ్గర ఉంచిన సైన్యం ఖర్చు కింద ఈస్టిండియా కంపెనీకి ఏటా 7 లక్షల స్టార్ పగోడాలు (బంగారు నాణేలు) కట్టాలని రాసుకున్నారు. రూపాయల్లో 24.5 లక్షలు. వానలు కురిసినా కురవకపోయినా అంతే. దండు వెలిసింది 1809లో. శ్రీరంగపట్నంలో జ్వరాలు పట్టుకుంటుంటే సైన్యాన్ని ఇక్కడికి మార్చారు. 1831లో పాలననే లాక్కున్నారు; ఆ కమిషనర్ల జీతాలూ మైసూరు ఖజానా మీదే! 1881లో రాజ్యం తిరిగిచ్చేటప్పుడు కప్పాన్ని 35 లక్షలకు పెంచారు, పెంపును మాత్రం 1896 దాకా వాయిదా వేశారు. అదే వాళ్ల దయ.

సీమ బిడ్డ: మాది ఇంకా ఘోరం మాస్టారూ. హైదరాబాదులో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో నిజాం బళ్ళారి, కడప ప్రాంతాలనే రాసిచ్చేశాడు. అవి ఆయన టిప్పు నుంచి పంచుకున్న వాటాయే.

హలసూరు వాసి: ఇంత రాబట్టినా కంపెనీకి అప్పులెందుకు?

పద్దుల మాస్టారు: గవర్నర్ జనరల్ వెల్లస్లీ చేసిన యుద్ధాలు! కప్పాలు వస్తూనే ఉన్నాయి, అప్పు పెరుగుతూనే ఉంది. 1805లో ఆయన్ను ఇంటికి పిలిపించారు. యుద్ధాల బిల్లు మాత్రం ఇక్కడి రైతు శిస్తులోకే వచ్చింది.